కొట్టివేతలు లేని లెడ్జర్: ‘టెనెట్’ సినిమా కథ, లెక్క

ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా చూశాక పాటల గురించో, ఫైట్ల గురించో మాట్లాడుకోవడం మామూలే. క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘టెనెట్’ చూసిన ఇళ్లలో మాత్రం మొదట వినిపించే మాట ‘‘ఇంతకీ ఏం జరిగింది?’’ అనేదే. 2020 డిసెంబరు 4న మన దేశంలో విడుదలైన ఈ సినిమా నిడివి రెండున్నర గంటలు. కొంత భాగం ముంబయిలో తీశారు. మన డింపుల్ కపాడియా ఇందులో ముఖ్యమైన పాత్ర వేశారు. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. అయినా సగంలో లేచిపోయినవాళ్లూ, చివరిదాకా చూసి తల పట్టుకున్నవాళ్లూ చాలామందే ఉన్నారు.

ఈ సినిమాలో చిక్కు ఉన్నమాట నిజం. కానీ అది దారం చివర దొరకని చిక్కు కాదు. ఒక్క నియమం పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది. ఆ నియమం అర్థం చేసుకోవడానికి మన బ్యాంకు కుటుంబాలకు ఒక సౌకర్యం కూడా ఉంది. ఎంట్రీ, రివర్సల్, వాల్యూ డేట్, ఆడిట్ వంటి మాటలు మన ఇళ్లలో భోజనాల దగ్గర కూడా వినబడుతూనే ఉంటాయి. వాటి సాయంతోనే ఈ కథను విప్పి చూద్దాం. ముగింపుతో సహా చెబుతున్నాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు కావాలంటే చూసొచ్చి చదవవచ్చు. ఈ సినిమా విషయంలో మాత్రం కథ ముందే తెలిస్తే పోయేదానికన్నా వచ్చేదే ఎక్కువ.

మనకు అలవాటైన కాలప్రయాణం

కాలంలో వెనక్కి వెళ్లడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో బాలకృష్ణను టైమ్ మెషీన్ ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పంపారు. 2016లో వచ్చిన ‘24’లో సూర్య చేతి గడియారం తిప్పి జరిగినదాన్ని మార్చేస్తాడు. 2022 నాటి ‘ఒకే ఒక జీవితం’లో శర్వానంద్ పాత్ర అమ్మను కాపాడుకోవాలని 1998కి వెళ్తుంది, కానీ ఆమె మరణాన్ని తప్పించలేకపోతుంది.

ఇలాంటి కథల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో గతం పలక మీద రాత లాంటిది. తుడిచి మళ్లీ రాయవచ్చు. రెండో రకంలో గతం శిలాశాసనం. దాన్ని చూడగలం కానీ చెరపలేం. ‘టెనెట్’ది ఈ రెండో దారి. అయితే అది ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. గతంలోకి వెళ్లినవాడు దాన్ని మార్చలేకపోవడమే కాదు, అతను వెళ్లి చేసిన పని కూడా ఆ గతంలో మొదటి నుంచీ ఉంది. సినిమా మొత్తానికి పునాది ఇదే. ప్రేక్షకుడు ‘ఇప్పుడు ఏం మారింది?’ అని వెతుకుతూ ఉంటాడు. ఏదీ మారలేదు కాబట్టే తికమకపడతాడు.

దూకడం లేదు, నడవాలి

మిగతా సినిమాల్లో మీట నొక్కితే నిమిషంలో పాత కాలంలో తేలతారు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ‘టర్న్‌స్టైల్’ అనే యంత్రం ఉంటుంది. మెట్రో స్టేషన్లో టికెట్ చూపించి దాటే తిరుగుడు గేటుకు ఉన్న పేరే దీనికీ పెట్టారు. ఒక వైపు నుంచి లోపలికి వెళ్లిన మనిషి రెండో వైపు నుంచి బయటికొస్తాడు. అక్కడి నుంచి అతనికి కాలం వెనక్కి నడుస్తుంది. వారం వెనక్కి వెళ్లాలంటే ఆ వారం రోజులూ అలా వెనక్కి బతకాల్సిందే. సినిమాలో పాత్రలు ఓడలోని కంటైనర్లో రోజుల తరబడి కూర్చుని ప్రయాణించేది అందుకే. కావలసిన రోజుకు చేరాక మళ్లీ ఒక టర్న్‌స్టైల్ గుండా వెళ్తే కాలం మామూలుగా ముందుకు సాగుతుంది.

దీనికి సినిమా చెప్పే ఆధారం ‘ఎంట్రోపీ’. పాలలో డికాక్షన్ కలిపితే కాఫీ అవుతుంది. కాఫీని మళ్లీ పాలుగా, డికాక్షన్‌గా విడదీయలేం. మంచుగడ్డ దానంతట అది కరుగుతుంది, కరిగిన నీరు గదిలో దానంతట అది గడ్డకట్టదు. ప్రకృతిలో పనులు సాధారణంగా ఒకే దిశలో సాగుతాయి. భౌతికశాస్త్రం ఈ దిశను ఎంట్రోపీ పెరుగుదలతో ముడిపెడుతుంది. ఒక వస్తువుకు మాత్రం ఆ దిశను తిరగేస్తే ఏమవుతుందన్నది నోలన్ ఊహ. తిరగబడిన తూటా గోడలోంచి లేచి తుపాకిలోకి వస్తుంది. తిరగబడిన మనిషికి మామూలు గాలి పనికిరాదు కాబట్టి ఆక్సిజన్ మాస్కు కావాలి. మంటల్లో చిక్కుకుంటే ఒళ్లు కాలదు, చలికి కొయ్యబారుతుంది. ఎంట్రోపీ నిజమైన శాస్త్రమే. దాన్ని ఇలా తిరగేసే యంత్రం మాత్రం సినిమా కల్పన. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే పిల్లలకు చెప్పడం కూడా తేలిక.

సినిమా చూస్తున్నప్పుడు ఒక చిన్న గుర్తు చాలు. మనిషి మొహానికి మాస్కు ఉంటే దాదాపుగా అతను వెనక్కి నడుస్తున్నవాడే. టర్న్‌స్టైల్ గదుల్లో ఎర్ర వెలుగు ఉన్న వైపు ముందుకు సాగే కాలం, నీలి వెలుగు ఉన్న వైపు వెనక్కి సాగే కాలం. ఆఖరి యుద్ధంలో దళాలకూ ఇవే రంగులు.

రివర్సల్ ఎంట్రీతో పోలిక

నిన్న ఒక ఖాతాలో పడాల్సిన పదివేలు ఇంకో ఖాతాలో పడ్డాయనుకుందాం. డే ఎండ్ అయిపోయింది. ఆ ఎంట్రీని ఎవరూ చెరిపేయరు, చెరిపేయకూడదు కూడా. ఈరోజు రివర్సల్ ఎంట్రీ వేసి, సరైన ఖాతాలో జమ చేస్తారు. ఖాతాదారుకు వడ్డీ నష్టం రాకుండా వాల్యూ డేట్ నిన్నటిదే ఇస్తారు. అంటే పని చేసింది ఈరోజు, దాని ఫలితం నిన్నటి నుంచి. తప్పు ఎంట్రీ, దిద్దుబాటు ఎంట్రీ రెండూ పుస్తకంలో పక్కపక్కనే మిగిలిపోతాయి. రేపు ఆడిటర్ వచ్చి రెండింటినీ చూస్తాడు.

‘టెనెట్’ ప్రపంచం కూడా ఇలాంటి లెడ్జరే. అందులో కొట్టివేతలు లేవు, వైట్‌నర్ లేదు. తేడా ఒక్కటే. మన లెడ్జర్లో ఈరోజు వేసిన రివర్సల్ నిన్న లేదు. సినిమాలోని లెడ్జర్లో అది నిన్ననే ఉంది. పుస్తకం తిరగేసినప్పుడు ‘ఈ ఎంట్రీ ఎవరు వేశారో తెలియదే’ అనుకుని పేజీ దాటేశారు. వారం తర్వాత అది తాము వేసినదేనని తెలుసుకుంటారు. ఎంట్రీ మారలేదు, దాని పక్కన సంతకం ఎవరిదో తెలిసింది.

టర్న్‌స్టైల్ గదిలో మధ్య అద్దానికి ఒక నియమం పెట్టారు. యంత్రంలోకి అడుగుపెట్టే ముందు అద్దం అవతల చూడాలి. అవతలి గదిలో నువ్వు బయటికొస్తూ కనిపించకపోతే లోపలికి వెళ్లకు, ఎందుకంటే నువ్వు బయటికి రాబోవడం లేదు. ఇంకా చేయని పని తాలూకు జాడ ముందే కళ్లెదుట ఉండడం ఎలాంటిదో ఈ ఒక్క నియమంలో తెలిసిపోతుంది.

కథ వరుసలో

కథానాయకుడికి సినిమాలో పేరు లేదు. జాన్ డేవిడ్ వాషింగ్టన్ ఆ పాత్ర వేశాడు. అమెరికా గూఢచారిగా ఉక్రెయిన్‌లోని కీవ్ నగరంలో ఒక ఒపెరా హౌస్ దాడిలో పాల్గొంటాడు. శత్రువులకు చిక్కినా నోరు విప్పకుండా విషపు మాత్ర మింగుతాడు. ఆ మాత్ర నకిలీది, అదొక పరీక్ష. నెగ్గిన అతన్ని ‘టెనెట్’ అనే రహస్య సంస్థలో చేర్చుకుంటారు. తిరగబడిన తూటాలు ఎక్కడివో తెలుసుకుంటూ ముంబయి వస్తాడు. ఇక్కడ అతనికి నీల్ (రాబర్ట్ ప్యాటిన్‌సన్) తోడవుతాడు. ఆయుధాల వ్యాపారి భర్త కాదు, భార్య ప్రియ (డింపుల్ కపాడియా) అని ఇక్కడే తెలుస్తుంది.

అసలు విలన్ ఆండ్రీ సేటర్ (కెనెత్ బ్రానా) అనే రష్యన్ కోటీశ్వరుడు. భవిష్యత్తులోని మనుషులకు ఇతను ఈ కాలంలో ఏజెంటు. వాళ్లు భూమిలో పాతిన బంగారం కాలంలో వెనక్కి ప్రయాణించి ఇతనికి అందుతుంది. బదులుగా ‘అల్గారిథమ్’ అనే పరికరానికి చెందిన తొమ్మిది ముక్కలను ఇతను వెతికి పోగుచేయాలి. అవన్నీ కలిస్తే మొత్తం ప్రపంచపు కాలమే తిరగబడుతుంది, మన తరం ఉండదు. సేటర్‌కు నయం కాని క్యాన్సర్ ఉంది. తనతోపాటు లోకమూ పోవాలనుకుంటాడు. అతని భార్య క్యాట్ (ఎలిజబెత్ డెబికీ) ఒక నకిలీ చిత్రపటం వ్యవహారంలో చిక్కి, కొడుకును వదులుకోలేక, ఆ క్రూరుడి దగ్గరే నలిగిపోతూ ఉంటుంది.

ఓస్లో విమానాశ్రయంలోని గిడ్డంగిలో ఒక టర్న్‌స్టైల్ బయటపడుతుంది. తర్వాత ఎస్తోనియాలోని టాలిన్‌లో అల్గారిథమ్ ముక్క కోసం కార్ల ఛేజ్. సేటర్ క్యాట్‌ను తిరగబడిన తూటాతో కాలుస్తాడు. కథానాయకుడు తొలిసారి టర్న్‌స్టైల్ గుండా వెళ్లి కాలంలో వెనక్కి అడుగేసేది ఇక్కడే. ముక్క సేటర్‌కు చిక్కకుండా చేయాలని వెళ్తాడు. కానీ ఆ ఛేజ్‌లో మనం అప్పటికే చూసిన, పల్టీ కొట్టిన వెండి రంగు కారు నడిపినవాడు తనేనని తేలుతుంది. ఆపాలని వెళ్లినవాడు, జరిగినదానిలో భాగమై తిరిగొస్తాడు. ముక్క సేటర్‌కే చేరుతుంది.

చివరి ఘట్టం స్టాల్స్క్-12 అనే పాడుబడిన రష్యన్ పట్టణంలో. ఒక దళం పది నిమిషాలు ముందుకు, ఇంకో దళం అవే పది నిమిషాలు వెనక్కి నడుస్తూ యుద్ధం చేస్తాయి. వెనక్కి నడిచే దళానికి ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి, ఆ సమాచారం ముందుకు నడిచే దళానికి అందుతుంది. ఈ యుద్ధం జరిగే రోజూ, సినిమా మొదట్లో కీవ్ ఒపెరా దాడి జరిగిన రోజూ ఒకటే. వియత్నాం సముద్రంలో సేటర్ పడవ మీద క్యాట్ ఉన్న రోజు కూడా అదే. కథ ఎక్కడ మొదలైందో ఆ తేదీకే వచ్చి ముగుస్తుంది.

చిక్కుముడులు మూడు

మొదటి ముడి ఓస్లోలో. టర్న్‌స్టైల్ నుంచి మాస్కు వేసుకున్న ఇద్దరు దూసుకొస్తారు. ఒకడు వింతగా కదులుతూ కథానాయకుడితో తలపడతాడు. రెండోవాణ్ని నీల్ తరిమి పట్టుకుని మాస్కు తీసి, మొహం చూసి వదిలేస్తాడు. ఎందుకు వదిలాడో చెప్పడు. సినిమా సగం దాటాక తెలుస్తుంది, ఆ ఇద్దరూ ఒక్కరే. టాలిన్ నుంచి వెనక్కి వచ్చిన కథానాయకుడే టర్న్‌స్టైల్‌లోకి వెళ్లకముందు ఒకడు, వెళ్లాక ఇంకొకడు. తనతో తనే పోరాడాడు. ఒకే కుస్తీని రెండుసార్లు, రెండు వైపుల నుంచి చూస్తాం.

రెండో ముడి క్యాట్‌ది. వియత్నాంలో ఒకరోజు ఒడ్డు నుంచి తిరిగొస్తుండగా, భర్త పడవ మీంచి ఒక స్త్రీ నీళ్లలోకి దూకడం చూశానని చెబుతుంది. ఆ స్త్రీకి ఉన్న స్వేచ్ఛ తనకు లేదని అసూయపడ్డానని అంటుంది. సినిమా చివర తెలిసేదేమిటంటే, ఆ దూకింది క్యాటే. కాలంలో వెనక్కి వెళ్లి, సేటర్ కథ ముగించి, అక్కణ్నుంచి దూకిన తర్వాతి క్యాట్‌ను చూసే ముందటి క్యాట్ అసూయపడింది. తనకు దొరకదనుకున్న విముక్తి తనదే. అది తనదని అప్పుడు తెలియదు, అంతే.

మూడో ముడి నీల్. స్టాల్స్క్ సొరంగంలో తాళం వేసిన గేటు అవతల ఒక శవం పడి ఉంటుంది. వీపున సంచికి ఎర్రదారం కట్టిన బిళ్ల. తుపాకి పేలే క్షణంలో ఆ శవం లేచి, తూటాకు అడ్డుపడి, గేటు తాళం తీస్తుంది. కాలంలో వెనక్కి నడుస్తున్న మనిషి కాబట్టి మనకు అలా కనిపిస్తుంది. అతని వైపు నుంచి చూస్తే వచ్చాడు, తాళం తీశాడు, తూటాకు బలయ్యాడు. యుద్ధం గెలిచాక వీడ్కోలు చెబుతున్న నీల్ సంచికి అదే ఎర్రదారం బిళ్ల కనిపించినప్పుడు కథానాయకుడికి విషయం అర్థమవుతుంది. ఒపెరాలో తనను కాపాడిన అజ్ఞాత వ్యక్తి సంచికీ అదే బిళ్ల ఉంది. నీల్‌ను ఈ పనిలోకి తెచ్చింది రాబోయే రోజుల కథానాయకుడే. ఒకరికి స్నేహం మొదలవుతున్న చోట ఇంకొకరికి ముగుస్తోంది.

‘టెనెట్’ సంస్థను స్థాపించిందీ తనేనని చివర కథానాయకుడికి తెలుస్తుంది. మన బ్యాంకుల్లో ఎంట్రీ వేసినవాడే దాన్ని పాస్ చేయకూడదు. ఇక్కడ మేకరూ చెకరూ ఒక్కడే.

భవిష్యత్తుకు మన మీద కోపమెందుకు?

సినిమాలో విలన్ సేటర్ అయినా, అతని వెనక ఉన్నది మన మనవల తరం. నదులు ఎండి, సముద్రాలు పొంగి, వాళ్లకు బతకడానికి చోటు లేదు. ఆ దుస్థితికి కారణం మనమేనని వాళ్ల అభియోగం. తాత చేసిన అప్పు మనవడు తీర్చడం మన ఊళ్లలో ఎరిగిన సంగతే. ఇక్కడ మనవడు ఆ అప్పు కట్టనని, తాతనే లేకుండా చేస్తానని బయలుదేరాడు. తాతను చంపితే మనవడు ఎలా పుడతాడన్న ప్రశ్న సినిమాలోనూ వస్తుంది. దానికి సమాధానం లేదు. చంపినా తమకేమీ కాదని వాళ్లు నమ్మారు, ఆ నమ్మకమే ప్రమాదమని సినిమా చెప్పి ఊరుకుంటుంది.

మనం గమనించాల్సిన మాట ఇంకోటుంది. భవిష్యత్తు మనతో మాట్లాడేది, మనం భవిష్యత్తుతో మాట్లాడేది రికార్డుల ద్వారానే. ఈమెయిల్, కార్డు లావాదేవీ, ఏదైనా నమోదైతే చాలు, అది రాబోయే తరాల చేతికి చేరినట్టే. అందుకే పాత్రలు ఒకరికొకరు ఎక్కువ చెప్పుకోవు. తెలియకపోవడమే వాళ్లకు రక్షణ. కథానాయకుడికి ఎంత తెలుసో మనకూ అంతే తెలుస్తుంది. మనం తికమకపడడానికి సగం కారణం ఇదే, అది దర్శకుడు కావాలని చేసిందే.

రెండోసారి చూస్తే

మళ్లీ చూసే ఆలోచన ఉంటే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మాస్కుల వల్ల, నేపథ్య సంగీతం వల్ల మాటలు సరిగా వినబడవు. ఓస్లోలో కాల్పులు జరగకముందే అద్దంలో తూటా రంధ్రాలు ఉంటాయి. ఛేజ్‌లో గుద్దుకోకముందే కారు పక్క అద్దం పగిలి ఉంటుంది. వెనక్కి ప్రయాణంలో కథానాయకుడి చేతికి, కత్తిపోటు పడకముందే గాయం తేలుతుంది. ముంబయిలో తొలి పరిచయంలోనే, కథానాయకుడు ఏం తాగుతాడో అడక్కుండానే నీల్ చెప్పేస్తాడు. ఇవన్నీ దర్శకుడు ముందే రాసిపెట్టిన ఎంట్రీలు.

పేర్లలోనూ ఒక ఆట ఉంది. సేటర్, అరెపో, టెనెట్, ఒపెరా, రోటాస్ అనే ఐదు లాటిన్ పదాలను గడుల్లో పేర్చితే ఎటు చదివినా అవే పదాలు వస్తాయి. ఈ గడి రాతలు పాంపేయి శిథిలాల్లోనూ దొరికాయి. సినిమాలో సేటర్ విలన్, అరెపో నకిలీ చిత్రకారుడు, ఒపెరా తొలి దృశ్యం, రోటాస్ గిడ్డంగి భద్రతా సంస్థ. టెనెట్ మధ్యలో ఉంటుంది. తెనాలి రామకృష్ణుడికి దక్కిన ‘వికటకవి’ బిరుదు తెలిసిన మనకు ఇది చప్పున అందుతుంది. ఎటు నుంచి చదివినా అదే మాట, ఎటు నుంచి నడిచినా అదే కథ.

జరిగింది జరిగిపోయింది, అయితే?

‘‘అప్పుడు ఆ స్థలం కొని ఉంటే’’, ‘‘ఆ ప్రమోషన్ తీసుకుని ఆ ఊరు వెళ్లి ఉంటే’’, ‘‘పిల్లాణ్ని ఆ కోర్సులో చేర్చకుండా ఉంటే’’ అనే మాటలు లేని ఇల్లు ఉండదు. ఏళ్ల తరబడి బదిలీల మీద బతికే మన కుటుంబాల్లో అవి కాస్త ఎక్కువే. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ‘సంక్ కాస్ట్’ అంటారు. ఖర్చయిపోయి, ఇక తిరిగిరానిది. రాబోయే నిర్ణయాన్ని దానితో ముడిపెట్టకూడదంటారు. పుస్తకంలో ఈ సూత్రం రెండు వాక్యాలే. మనసుకు ఎక్కించుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

‘టెనెట్’ ఆ పాఠాన్ని రెండు భాగాలుగా చెబుతుంది. జరిగింది జరిగిపోయిందని పాత్రలు పదేపదే అనుకుంటాయి. మొదటి భాగం అదే, వేసిన ఎంట్రీ చెరగదు. రెండో భాగాన్ని నీల్ చెబుతాడు. ఈ మాట చేతులు ముడుచుకుని కూర్చోవడానికి సాకు కాదు. గేటు దగ్గర ఏం జరిగిందో అతనికి తెలుసు. ‘ఎలాగూ జరిగిపోయింది కదా’ అని ఆగిపోవచ్చు. కానీ అతను వెళ్తాడు. జరిగిన మంచి తనంతట జరగలేదని, ఎవరో వెళ్లి చేశారు కాబట్టే జరిగిందని అతను గ్రహించాడు.

క్యాట్ విషయంలోనూ అంతే. ఆమె గతంలో ఒక్క క్షణం కూడా మారలేదు. మారింది ఆమె దాన్ని చదివే తీరు. అసూయగా గుర్తుపెట్టుకున్న దృశ్యమే తన ధైర్యానికి రుజువుగా తేలింది. మన చేతుల్లో టర్న్‌స్టైల్ లేదు. కానీ పాత పేజీని మళ్లీ చదివి, అక్కడ మన సంతకం ఎక్కడుందో చూసుకునే వీలు అందరికీ ఉంది. పిల్లాణ్ని ఆ కోర్సులో చేర్చడం పొరపాటని పదేళ్లుగా అనుకుంటున్న తండ్రికి, ఆ రోజు ఫీజు కోసం తను పడిన కష్టం కొడుకు ఇంకా గుర్తుపెట్టుకున్నాడని ఒకరోజు తెలియవచ్చు.

మొండిబాకీ ఖాతా ముందు కూర్చున్న ఏ అధికారికైనా తెలిసిన విషయమే ఇది. అప్పు ఇచ్చిన రోజును ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఆ ఫైలు తెరిచి, ఎక్కడ ఏం జరిగిందో చదివి, ఈరోజు వేయాల్సిన ఎంట్రీ సరిగ్గా వేయడమే మిగిలిన పని. వసూలయ్యే ఖాతాలన్నీ అలాగే వసూలవుతాయి.